కొలంబో నూనె, కృష్ణపట్నం నూనె

ఓడల ఇంధనంలో గంధకం తగ్గించాలన్న అంతర్జాతీయ నిబంధన అమలైన రెండో ఏడు నన్ను కృష్ణపట్నం రేవులో బంకర్ సర్వేయరుగా వేశారు. ఓడ ఇంజనుకు పోసే నూనెను బంకర్ అంటారు. గంధకం తగ్గించడానికి దాన్ని ఒక్కో రేవులో ఒక్కో రకంగా కలిపి తయారుచేస్తారు. సర్వేయరు పనులు మూడు: ట్యాంకుల్లో మట్టం కొలవడం, వేడిని బట్టి పరిమాణం సరిచేయడం, ఇరుపక్షాల ఎదుట నమూనాలకు సీలు వేయడం. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి నెల్లూరులో పాఠాలు చెబుతున్నాను.

ఆ వర్షాకాలం ఒక ఓడ సగం బొగ్గు మా రేవులో దించి, మిగతా సగంతో చిట్టగాంగ్ వెళ్ళాలి. దాని రెండు ట్యాంకుల్లోనూ కొలంబోలో కొన్న నూనె కొంత మిగిలి ఉంది. దారికి అది చాలదు. ట్యాంకర్ లారీల్లో వచ్చిన మన నూనెను దాని మీదే పోయాలి.

చీఫ్ ఇంజనీరు చిట్టగాంగ్ మనిషి, మితభాషి. రెండు నూనెలూ పొసగుతాయో లేదో చూడమని నన్ను అడిగాడు. ఓడలో పరీక్ష సామగ్రి అయిపోయిందట. అది నా పని కాదు. అయినా సామగ్రి నా వ్యానులో ఉంది.

సరఫరాదారు తరఫు సూపర్‌వైజరు, బోగోలు రమణయ్య, అప్పటికే హోసు బిగించి నిలబడ్డాడు.

"ఏంది సారూ, నూనెలకి గూడా జాతకాలు చూస్తారా?"

"చూడాల్సిందే అన్నా."

"రెండిటికీ ల్యాబు కాయితం ఉండాది గదా! ఆలిస్యమైతే మా నూనె సల్లారి గడ్డ కడతాది. అప్పుడు మీరొచ్చి చేత్తో తోడిపోస్తారా?"

రెండింటినీ సమపాళ్ళలో కలిపి వేడిచేసి, వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి ఆరబెట్టాను. మచ్చ అంతా ఒకే రంగులో ఉంటే సరే. మధ్యలో ముదురు వలయం తేలితే, నూనెలోని బరువు పదార్థం విడిపోతోందని అర్థం. అది మడ్డిగా దిగి ఫిల్టర్లను మూసేస్తుంది, ఇంజను ఆగుతుంది. విడివిడిగా వేసిన చుక్కలు శుభ్రంగా ఉన్నాయి. కలిపిన చుక్కలో నల్లటి వలయం వచ్చింది.

రమణయ్య కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"మా నూనెలో లోపం లేదు సారూ."

"కొలంబోదాంట్లో కూడా లేదన్నా."

"మరి తప్పెవురిది?"

కాగితం తీసుకెళ్ళి చీఫ్‌కు ఇచ్చాను.

రెండు నూనెలూ కలవకుండా ట్యాంకు ఖాళీ చేసేదాకా ఆగడానికి కెప్టెన్ మొదట ఒప్పుకోలేదు. ఈ ఓడ కట్టిన బెర్తు కోసం ఇంకో ఓడ కాచుకుని ఉంది, రేవు దాటించే పైలట్‌ను కూడా పిలిచేశారు. చీఫ్ గొంతు పెంచలేదు. కాగితాన్ని కెప్టెన్ బల్ల మీద పెట్టి, బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని గుర్తుచేశాడు. ఇంజను ఆగిన ఓడను అలలకు అడ్డం తిరగకుండా ఎలా నిలబెడతారో చెబితే ఇప్పుడే పోయించుకుంటానన్నాడు. కెప్టెన్ పైలట్‌ను రావద్దని చెప్పమన్నాడు.

పాత నూనెనంతా ఒక ట్యాంకులోకి పంపు చేసి, ఖాళీ అయినదాంట్లో మన నూనె పోశారు. ఈలోగా రమణయ్య అన్నంతా అయింది. ఒక లారీలో నూనె చిక్కబడితే ఆవిరి పెట్టి కరిగించాల్సి వచ్చింది.

ఓడ చిట్టగాంగ్ చేరిందని తర్వాత ఏజెంటు చెప్పాడు. కలిపి పోసి ఉంటే చేరేది కాదని నేను రుజువు చేయలేను. ల్యాబు కాగితం ఒక్క నూనె సంగతే చెబుతుంది. ఆ తర్వాత ఏ ఓడ ఎక్కినా, మట్టం కొలిచే ముందు, ట్యాంకులో ఇప్పటికే ఉన్నది ఏ రేవు నూనె అని అడిగేవాణ్ణి.