చివరి కిల్‌డీర్ ముక్కులో అత్తగారు

వెల్డా ఉన్రూ ఆఖరుగా చేసిన పని చెత్తడబ్బాను వీధి అంచుకు లాక్కెళ్ళడం. విచిటా ఊరి గాలి సంగతి తెలిసినవాళ్ళెవరూ మూత మీద బరువు పెట్టకుండా ఇంట్లోకి రారు. ఆమె ఇటుక పెట్టింది. వంటింటి కిటికీలోంచి చూస్తున్న మొగుడు మైలో కోసం మూత మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. రెండు దెబ్బలంటే బాగా కుదిరిందని. లోపలికి వచ్చి బూట్లు విప్పకుండానే సోఫాలో ఒరిగి, "కాఫీ కాసేపాగి తాగుతాలే" అంది. ఆ కాఫీ పారబోయడం మైలో వల్ల కాలేదు. మర్నాడు కూతురు వచ్చి పారబోసింది.

ఆ దెబ్బల భాష వాళ్ళ కాపురంలో పుట్టింది కాదు. కిల్‌డీర్ కార్ఖానాలో పుట్టింది. కిల్‌డీర్ అంటే బాగా డబ్బున్నవాళ్ళు సొంతానికి కొనుక్కునే చిన్న జెట్టు విమానం. దాని రేకులను రివెట్లతో అతుకుతారు. ఒకరు బయట నిలబడి గన్నుతో రివెట్టు తల మీద కొడుతుంటే, ఇంకొకరు లోపల నక్కి, రివెట్టు రెండో కొసకు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినబడదు. అందుకని లోపలివాళ్ళు దిమ్మతో రేకు మీద కొట్టి చెప్తారు. ఒక దెబ్బంటే ఇంకా కొట్టు, రెండంటే కుదిరింది, మూడంటే చెడింది, పీకెయ్.

మైలో బయట, వెల్డా లోపల. పిచ్చుకంత మనిషి కావడంతో ఇంకెవరూ పట్టని తోకలోకి ఆమెను పంపేవాళ్ళు. ఒకరోజు మైలో, రివెట్టు పడని బెజ్జానికి నోరు ఆనించి, "నన్ను చేసుకుంటావా?" అని అరిచాడు. లోపలినుంచి టకటకా మూడు దెబ్బలు. చుట్టుపక్కల గన్నులన్నీ ఆగిపోయాయి. మైలో మొహం మాడిపోయింది. కాసేపటికి ఇంకొక్క దెబ్బ వినబడింది.

"ఇంకా కొట్టమంటోందిరా, వదలకు!" అని రెక్క మీదున్నవాడు కేక వేశాడు.

మైలో మళ్ళీ అడిగాడు. ఈసారి రెండు దెబ్బలు.

మొదటి మూడింటి సంగతి పెళ్ళయ్యాక చెప్పింది. "అవి నీకు కాదయ్యా, రివెట్టుకి. పెళ్ళి ధ్యాసలో పడి వంకరగా కొట్టావు. అది పీకాక కదా మిగతా సంగతి!"

ఆ తరవాత సూప్‌లో ఉప్పు చాలకపోతే బల్ల మీద ఒక దెబ్బ. కొత్త గౌను నప్పకపోతే తలుపు మీద మూడు. మైలో వాళ్ళమ్మ హల్దా ఇది చూసి, "మీ ఇంట్లో భోజనానికి కూచుంటే వడ్రంగి కొట్లో కూచున్నట్టుంటుంది" అనేది.

ఆ హల్దా పేరు మీదే వెల్డా దిమ్మ వెలిసింది. తోక సందులో కార్ఖానా ఇచ్చిన దిమ్మలేవీ పట్టడంలేదని, ఒక ఉక్కు తునకను ఎద్దు నాలుక ఆకారంలో తనే సానపట్టుకుంది. దానికి "అత్తగారు" అని పేరు పెట్టింది.

"ఎక్కడైనా దూరుతుంది. ఎంత కొట్టినా మారదు" అని చెప్పేది ఎవరడిగినా.

హల్దా చెవిన పడితే, "ఏమైనా పనికొస్తోందా అది?" అని మాత్రం అడిగింది.

ఆ కార్ఖానాలో ఒక ఆచారం ఉంది. పనిముట్లన్నీ సొరుగుల్లో, నల్లటి స్పాంజిలో వాటి వాటి ఆకారాలకు కోసిన గుంటల్లో పడుకుంటాయి. విమానం బయటికి పోయేముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి సొరుగులు లాగి చూస్తాడు. ఒక్క గుంట ఖాళీగా ఉన్నా ఆ పనిముట్టు విమానం కడుపులో ఉండిపోయినట్టే లెక్క. అది దొరికేదాకా విమానం అంగుళం కదలదు. అత్తగారికి మాత్రం గుంట లేదు. వెల్డా ఏప్రన్ జేబులోనే ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేసింది. ఇన్‌స్పెక్టర్లకు తెలుసు. తెలిసినవాళ్ళు ఆమె జేబు వైపు చూసేవాళ్ళు కాదు.

కిల్‌డీర్ తయారీ ఆపేస్తున్నామని చెప్పడానికి పెద్దాఫీసు నుంచి ఒకతను విమానంలో వచ్చాడు. వచ్చింది వేరే కంపెనీ విమానంలో. ఆరోజు క్యాంటీన్‌లో చిలీ అనే కారపు మాంసం కూర, దాంతోపాటు సినమన్ రోల్ అనే తీపి రొట్టె. కాన్సస్‌లో పుట్టినవాళ్ళకు ఆ రెండూ కలిపి తింటుంటే ఎంత దుర్వార్తయినా సగమే వినబడుతుంది.

"ఇది ముగింపు కాదు. మన ప్రయాణంలో ఒక మలుపు" అన్నాడు అతను.

వెల్డా రోల్‌ను చిలీలో ముంచుతూనే అడిగింది. "మలుపు తిరిగాక రోడ్డుందా నాయనా?"

"చాలా మంచి ప్రశ్న" అని అతను కూచున్నాడు.

చివరి జెట్టు అయిపోగానే పనిముట్లన్నీ కొలిమికి పోతాయనీ, గేటు దాటి మేకు కూడా బయటికి పోకూడదనీ కట్టడి వచ్చింది. గుర్తుగా కొందరు గోడ గడియారం అడిగారు, కొందరు చివరి జెట్టుతో ఫొటో అడిగారు. వెల్డాకు కావలసింది ఒక్కటే, తన దిమ్మ. కొలిమిలో కరగకూడదు, అంతే.

"ఇన్నేళ్ళు జేబులో ఉన్నది ఇంకో నాలుగడుగులు జేబులోనే నడవలేదా? సంచిలో వేసుకు వచ్చెయ్" అన్నాడు మైలో.

"జేబులో పెట్టుకోవడం వేరు, గేటు దాటించడం వేరు. ఆదివారం చర్చిలో ఏ మొహంతో పాడమంటావు? ఉన్నదున్నట్టు చూపించి అడుగుతాను. అడిగితే ఇవ్వరా?"

అదే ఆమె చేసిన పొరపాటు. చివరి జెట్టు బయటికి లాగే రోజు పొద్దున, అత్తగారిని శుభ్రంగా తుడిచి, సొరుగులో నిండిన గుంటల మధ్య ఖాళీ చోట పడుకోబెట్టింది.

ఇన్‌స్పెక్టర్ ట్రెంట్ కొత్తవాడు, పరమ నిజాయితీపరుడు. ఆమె జేబు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. సొరుగు లాగాడు. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఒకటి ఎక్కువుంది. ఎవరిదండీ ఇది?"

"నాది నాయనా. చూసుకుని ఇచ్చెయ్, ఇంటికి తీసుకుపోతాను."

"దీని గుంటేదండీ?"

"దానికి గుంట లేదు."

"గుంట లేని పనిముట్టు ఉండదండీ."

"ఉంది కదా, నీ చేతిలో!"

పనిముట్టు తగ్గితే ఏం చేయాలో అతన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఎక్కువైతే ఏం చేయాలో ఎవరూ ఎక్కడా చెప్పలేదు. చమటలు కక్కుతూ మేనేజర్ కార్లాను పిలుచుకొచ్చాడు. కార్లా వెల్డాను పక్కకు లాగింది.

"వెల్డా, నీ కాళ్ళు పట్టుకుంటాను, నాది అని మాత్రం అనకు. నీదంటే, అనుమతి లేని పనిముట్టుతో ఇన్నేళ్ళూ పనిచేశావని అర్థం. నువ్వు చెయ్యి పెట్టిన ప్రతి జెట్టునీ వెనక్కి పిలిపించి చూడాలి!"

"పిలిపించు. ఒక్క రివెట్టు వదులైతే నన్నడుగు."

"ఎడారుల్లో ఉన్నాయి, సముద్రాలవతల ఉన్నాయి! ఒకదాంట్లో ఎవరో కోళ్ళు పెంచుతున్నారట!"

"కోళ్ళు బాగున్నాయా?"

మైలో కలగజేసుకున్నాడు. "పోనీ కంపెనీదనండి."

"కంపెనీదైతే కొలిమికి పోవాలండీ" అన్నాడు ట్రెంట్.

"ఎవరిదీ కాదంటే?"

"ఎవరిదీ కానిది విమానం పక్కన దొరికితే పరాయి వస్తువండీ. ఎక్కడిదో తేలేదాకా విమానం కదలదు."

దాంతో కార్ఖానా అంతా వెతుకులాటలో పడింది. ఎక్కువైన పనిముట్టు చేతిలోనే ఉంది. కావలసింది అది ఉండవలసిన ఖాళీ. ఎక్కడో ఏ సొరుగులోనో ఎద్దు నాలుక ఆకారంలో గుంట ఉండే ఉంటుందని, ఉన్న జనమంతా మోకాళ్ళ మీద పాకుతూ, లేని గుంట కోసం బీరువాలన్నీ తిరగేశారు. బయట హైస్కూలు బ్యాండు వాయించిందే వాయిస్తోంది. జెట్టు ఆకారంలో చేయించిన కేకుకు ఎండ తగిలి ఒక రెక్క జారింది. జెట్టు కొన్న పశువుల దాణా వ్యాపారి టెక్సస్ నుంచి వచ్చి, గాలికి ఎగిరిపోయిన టోపీ వెనక పరుగెడుతున్నాడు. మధ్యాహ్నానికి ముగ్గురు గుంట దొరికిందన్నారు. ఒకటి అరటిపండు పెట్టుకోవడానికి ఎవడో కోసుకున్నది.

అప్పుడొచ్చాడు డ్వైట్. విమానాలను తూచేవాడు. ముందుకో వెనక్కో మొగ్గకుండా చూసి, తేలికైన వైపు బరువు బిగించడం అతని పని. అతనికీ వెల్డాకూ ఏనాడూ పడలేదు. ఆమె గొంతు వినబడినప్పుడల్లా తన కాటా ముల్లు కదులుతుందని అతను, మనిషిని చూస్తే ముందు బరువు చూస్తాడని ఆమె. "తక్కెడ" అనే పిలిచేది.

"ఏమిటీ తిరునాళ్ళు? రోజంతా అయిపోతోంది" అంటూ ట్రెంట్ చేతిలోంచి దిమ్మ లాక్కుని అరచేతిలో ఆడించాడు. విమానాన్ని చూశాడు. వెల్డాను చూశాడు. "దీని ముక్కు తేలిగ్గా ఉంది. సరిగ్గా ఇంత బరువు కావాలి."

ట్రెంట్ కళ్ళు వెలిగాయి. "అంటే, ఇది పనిముట్టు కాదా అండీ?"

"కాదు. విమానంలో భాగం. విమానంలో భాగానికి నీ సొరుగులో గుంటెందుకు?"

కార్లా ఊపిరి వదిలింది. వెల్డా మాత్రం కదల్లేదు. ఇంటికి తీసుకుపోదామనుకుంది కదా.

"ఇస్తావా, కొలిమికి పంపిస్తావా?" అన్నాడు డ్వైట్.

"నన్నొకమాట అడగడం ఇదే మొదటిసారి, తక్కెడా."

"ఆఖరుసారి కూడా."

ఆమె దాన్ని ఇంకోసారి ఏప్రన్‌కు తుడిచి అతని చేతిలో పెట్టి మొహం పక్కకు తిప్పుకుంది. మైలోకు ఆ పక్కనుంచి చెవి మాత్రమే కనబడింది. అత్తగారికి ఆకుపచ్చ పూత పూశారు, నంబరు కొట్టారు, ముక్కులో బోల్టులతో బిగించారు. సాయంత్రం జెట్టు దక్షిణంగా లేచి చుక్కయిపోయేదాకా ఇద్దరూ కంచె దగ్గర నిలబడ్డారు.

"మీ అమ్మ వెళ్ళిపోయిందయ్యా" అంది వెల్డా.

"ఎక్కడికి?"

"టెక్సస్‌కి. ఇన్నాళ్ళకి నా మీద అలిగి."

కార్ఖానా ఖాళీ అయ్యాక మగవాళ్ళు చాలామంది గ్యారేజీల్లో కూచుని ఉన్న స్క్రూలే విప్పి బిగించుకుంటూ గడిపారు. మైలో కూడా అంతే. వెల్డా అలా కాలేదు. "మీరంతా రిటైరయ్యారు. నాది ఇంకా డ్యూటీలోనే ఉంది" అనేది. ఇంటి మీదుగా ఏ చిన్న జెట్టు వెళ్ళినా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. బ్యూటీ పార్లర్‌లో, చర్చిలో, పళ్ళ డాక్టరు నోరు తెరవమన్నప్పుడూ అదే కథ. "ఆఖరి కిల్‌డీర్ నా దిమ్మ లేకుండా ఎగరలేకపోయింది, తెలుసా? ముక్కు తేలికయిపోయిందట!"

వెల్డాను సమాధి చేసి వచ్చాక చర్చి కింది హాల్లో హామ్ మాంసం, జ్వీబాక్ రొట్టెలు పెట్టారు. డ్వైట్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చి మైలో పక్కన కూచున్నాడు.

"ఆ ముక్కు బరువు సంగతి చెప్పని రోజు లేదోయ్. తక్కెడ గాడు ఒక్క మంచి పని చేశాడనేది" అన్నాడు మైలో.

డ్వైట్ రొట్టె తుంచి, తినకుండా పళ్ళెంలో పెట్టాడు.

"ముక్కు సరిగ్గానే ఉంది మైలో" అన్నాడు. "అది పెట్టాక బరువెక్కింది. దానికి సరితూగేటట్టు తోకలో ఇంకో దిమ్మ పెట్టాను."