మంచు దారిలో వెయినో కారు

అరవై దాటేదాకా ఐలీ రువోనా చేతికి ఆ కారు తాళంచెవి రాలేదు. వచ్చింది కూడా ఆమె అడిగితే కాదు. చక్కెర జబ్బుతో ఆమె భర్త వెయినో కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. ఆ మరుసటి ఏడాది మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. నవంబరు మొదట్లో వాళ్ల పికప్ బండికి జింక అడ్డంపడి ముందుభాగం నుజ్జయిపోయింది. ఇక ఇంట్లో కదిలే బండి అదొక్కటే మిగిలింది.

అది ముదురాకుపచ్చ కెమారో. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, నేలని రాసుకుంటూ పోయే ఒళ్లు. రాగి గని మూతపడ్డాక దుంగల లారీ తోలిన వెయినో, బతుకులో తనకంటూ కొనుక్కున్న వస్తువు అదే. అక్టోబరులో మొదటి మంచు రాలకముందే దాన్ని కొట్టంలో పెట్టి, మెత్తటి దుప్పటి కప్పి తాళం వేసేవాడు. మళ్లీ మే నెలలో తీసేవాడు. దానికోసం తుడిచే గుడ్డలు కూడా వేరు. ఐలీ ఒకసారి అందులో కూర్చుని కాఫీ ఒలకబోస్తే వారంపాటు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

ఐలీ బంగాళాదుంపల పొలంలో పుట్టింది, బడి వంటగదిలో పనిచేసి రిటైరైంది. పిల్లలు పుట్టలేదు. మనిషి పొట్టి, మాట తక్కువ. చర్చిలో కాఫీల దగ్గర ఆడవాళ్లు మొగుళ్ల గురించి చెప్పుకునేటప్పుడు మాత్రం, "మా ఇంట్లో సవతి ఉంది, చలికాలమంతా నిద్రపోతుంది" అని నవ్వించేది.

హాంకాక్ పట్నంలో డయాలసిస్ వారానికి మూడుసార్లు. వాళ్లుండేది ఉత్తరాన గుట్ట మీద, సరస్సు గాలి నేరుగా కొట్టేచోట. రోగుల్ని తీసుకెళ్లే కౌంటీ వ్యాను కోసం ఐలీ ఫోన్ చేస్తే, మంచు మొదలయ్యాక ఆ గుట్ట ఎక్కలేమన్నారు. ఆమె ఫోన్ పెట్టేసింది. వెయినో వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"కొట్టంలో ఉందిగా ఒకటి," అన్నాడు.

"ఏది?"

"తెలీనట్టు అడక్కు."

"అది మంచులో నడవదని ఇన్నేళ్లుగా నువ్వే కదా చెప్పింది."

"నడవదన్లేదు. నడపనన్నాను. రెండూ ఒకటేనా?"

"మరి ఇప్పుడు నడిపేదెవరు?"

వెయినో ఆమె వంక చూడలేదు. కప్పులో మిగిలిన కాఫీని తిప్పుతూ, "కాళ్లు రెండూ ఉన్నది నీకే," అన్నాడు.

చలికాలపు టైర్లూ ఇసుక బస్తాలూ తెచ్చింది డెల్ ట్రెథ్యూయీ. ఆ దారిలో మంచు తోసే కౌంటీ బండి నడిపేది అతనే. కొట్టంలో దుప్పటి లాగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, టోపీ వెనక్కి నెట్టుకున్నాడు.

"అమ్మా, పెద్దాయన మతి ఉండే ఒప్పుకున్నాడా? బరువంతా ముందుంది, లాగేదేమో వెనక చక్రాలు. పైగా ఇంత ఇంజను. మంచులో కుక్కతోక ఊగినట్టు ఊగుతుంది."

వంటింటి కిటికీలోంచి వెయినో గొంతు వినిపించింది. "నాకు వినబడుతోంది డెల్."

"వినబడాలనే అంటున్నా."

ఇసుక బస్తాల్ని డిక్కీలో వెనక ఇరుసు మీదికి వచ్చేలా పేర్చి, జారకుండా తాడుతో కట్టాడు. పార, కంబళి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె పెట్టాడు. వెళ్తూ వెళ్తూ ఐలీతో మెల్లగా, "నేను మంచు తోసిన అరగంటలోపు బయల్దేరండి, అమ్మా. అంతకన్నా ఆలస్యమైతే మానుకోండి," అన్నాడు.

చర్చి వెనక ఖాళీ జాగాలో పాఠం మొదలైంది. వెయినో పక్క సీట్లో, ఒడిలో చేతికర్ర. ఐలీ కిందికి దిగబడిపోయిన సీట్లో, నడుంకింద దిండు పెట్టుకుని. మొదటి గేరులో కదిలించబోతే వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, కారు ఉన్నచోటే అడ్డంగా తిరిగింది.

"రెండో గేరు," అన్నాడు వెయినో. "నీ కాలికింద ఉన్నది ఇంజను కాదు, కోడిగుడ్డు అనుకో."

రెండో గేరులో కదిలింది. మలుపు తిప్పగానే తోక కుడికి జారింది. ఐలీ బ్రేకు మీద కాలేసింది. కారు బొంగరంలా తిరిగి చర్చి మెట్లవైపు ముక్కుపెట్టి ఆగింది.

"బ్రేకు ముట్టుకోవద్దని చెప్పానా?"

"చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తున్నా. తోక కుడికి పోతే స్టీరింగు కుడికే తిప్పు. ఎడమకి పోతే ఎడమకి. కాలు మెల్లగా తియ్యి, ఠపీమని కాదు. ఠపీమని తీస్తే ఇంకా జారుద్ది. కళ్లు ఎక్కడికి చూస్తే చెయ్యి అక్కడికే పోతుంది. గోడని చూస్తే గోడకే గుద్దుతావు."

"నువ్వరుస్తుంటే నేను నిన్ను చూడాలా, దారి చూడాలా?"

ఆమె మళ్లీ తిప్పింది. మళ్లీ జారింది. ఈసారి చెయ్యి దానంతటదే కుడికి పోయింది, తోక కాసేపు వేలాడి సర్దుకుంది. ఐలీ కారు ఆపింది. పక్కకి చూస్తే వెయినో నవ్వుతున్నాడు. కాలు తీసేశాక ఆ మొహంలో ఆమె నవ్వు చూడటం అదే మొదలు.

ఆ డిసెంబరంతా వాళ్లు హాంకాక్ వెళ్లివచ్చారు. ఎత్తు ఎక్కేముందే వేగం అందుకుని మధ్యలో కాలు మార్చకుండా పైదాకా పోవడం, దిగేటప్పుడు గేరు తగ్గిస్తే క్లచ్చుని అణువణువుగా వదలడం, వంతెన మీద స్టీరింగు కదపకపోవడం ఐలీ నేర్చుకుంది. భయం పోలేదు. ఇంటికొచ్చేసరికి వేళ్లు కొంకర్లుపోయి స్టీరింగు ఆకారంలోనే ఉండేవి. కానీ దారిలో ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరికింది. వెళ్లేటప్పుడు ఆయన సతాయించేవాడు, ఆమె ఎదురు చెప్పేది. వచ్చేటప్పటికి డయాలసిస్ యంత్రం ఆయనలోని సత్తువంతా పీల్చేసి ఉండేది. తల కిటికీకి ఆనించి, కళ్లు మూసుకునే, "మూడో గేరు," అనేవాడు. ఇంజను చప్పుడు విని చెప్పేవాడు.

మంచు కరగడానికి దారి మీద చల్లిన ఉప్పు కారుని తినడం మొదలుపెట్టింది. మొదట తలుపు కింది అంచున తుప్పు బుడిపెలు లేచాయి. తర్వాత చక్రాల మీది రేకు. ఐలీ వేడినీళ్లతో కడగబోతే ఆయన వారించాడు. "వదిలెయ్. గడ్డకట్టి తలుపులు పట్టేస్తాయి." రోజూ కారెక్కేముందు కర్ర మీద ఆని ఆ బుడిపెల్ని ఒక క్షణం చూసేవాడు. వాటి గురించి ఒక్క మాట అనేవాడు కాదు. అంటే బాగుండునని ఆమెకి అనిపించేది.

జనవరిలో ఒక మధ్యాహ్నం తిరిగొస్తుంటే సరస్సు మీంచి గాలి లేచింది. కాసేపట్లో దారీ ఆకాశమూ ఒకే తెలుపైపోయాయి. గుట్ట కింది మలుపులో మంచు అడ్డంగా పేరుకుని ఉంది. ఆమె మెల్లగానే తిప్పింది, తోక జారితే సర్దుకుంది కూడా. కానీ ముందు చక్రం ఆ మేటలో చిక్కుకుని, కారు మెత్తగా, తొందరేమీ లేనట్టు, పక్క గుంటలోకి ముక్కు దించింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక్కి తీస్తే చక్రాలు ఊరికే తిరిగాయి.

"ఆపు, ఇంకా లోతుకి తవ్వుకుంటావు," అన్నాడు వెయినో. పెదవులు అప్పటికే నీలంగా ఉన్నాయి. యంత్రం మీంచి లేచిన రోజు ఆయనకి ఒంట్లో వేడి నిలిచేది కాదు. "ఇంజను నడవనీ. వెనక పొగగొట్టం మూసుకుపోకుండా చూడాలి. మూసుకుపోతే పొగ లోపలికొస్తుంది." అని, ఆమె వంక చూసి, "నేను దిగలేను," అన్నాడు.

"దిగమని ఎవరన్నారు?"

పార పట్టుకుని, ఒక చెయ్యి కారు ఒంటికి ఆనించి నడుచుకుంటూ ఐలీ వెనక్కి వెళ్లింది. గొట్టం చుట్టూ మంచు తోడి వచ్చి కూర్చుంది. మళ్లీ వెళ్లింది. గాలి ఎంత తోడితే అంత నింపుతోంది. నాలుగైదుసార్లు అలా తిరిగాక, ఒకసారి గాలి విసురుకి కాలు తప్పింది. లేచేసరికి చేతికింద కారు లేదు. ఇటు రెండడుగులు వేసింది, మంచే. అటు వేసింది, మంచే. కేక వేస్తే గాలి మింగేసింది. కారు చేతికందేంత దూరంలోనే ఉందని తెలుసు. ఏవైపో తెలియదు.

అప్పుడు హారన్ మోగింది. ఆగకుండా, ఒకటే మోత.

ఆమె ఆ మోతని పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ వచ్చి తలుపు తీసింది. వెయినో సీటు దాటి అడ్డంగా ఒరిగి, రెండు చేతులతో హారన్ నొక్కుతున్నాడు. ఆమె కూర్చుని తలుపు వేసుకున్నాక కూడా నొక్కుతూనే ఉన్నాడు.

"చెయ్యి తియ్యి. వచ్చేశాగా."

తీశాడు. మంచు తోసే బండి లైట్లు కనబడేదాకా ఇద్దరూ ఒకే కంబళిలో కూర్చున్నారు. డెల్ గొలుసు కట్టి కారుని బయటికి లాగి, గుట్ట పైదాకా తన బండితో ముందు దారి తీశాడు.

శనివారం సాయంత్రం ఆవిరిస్నానాల గదిలో సావనా పొయ్యి వెలిగించింది ఐలీ. పెళ్లయినప్పట్నుంచీ తప్పని అలవాటు. ఇప్పుడు ఆయన్ని చంకలో చెయ్యేసి లోపలికి తేవాలి, పై బల్ల కాకుండా కింది బల్ల మీదే కూర్చోబెట్టాలి. పొయ్యి మీద కాలిన రాళ్ల మీద గరిటెతో నీళ్లు పోసింది. ఆవిరి లేచింది.

"సోమవారం నుంచి వెళ్లను," అన్నాడు వెయినో.

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఎక్కడికి?"

"తెలీనట్టు అడక్కు."

"మానేస్తే ఎన్నాళ్లుంటావో తెలుసా?"

"నర్సు మర్లీన్ని అడిగా. ఓ వారం, పది రోజులు. నొప్పేం ఉండదంది. నిద్ర వస్తుందంట."

"ఎప్పుడడిగావు?"

"నువ్వు కారు వేడెక్కించడానికి బయటికి పోయినప్పుడు."

ఐలీ గరిటె కింద పెట్టింది. "గుంటలో పడ్డామనా? ఇంకోసారి పడను. ఈ మంచు పోయేదాకా హాంకాక్‌లోనే గది తీసుకుని ఉందాం."

"ఐలీ, అలిసిపోయాను."

"నాకోసం మానేస్తున్నావా? నిజం చెప్పు."

వెయినో చెమట తుడుచుకున్నాడు. "నీకోసం ఏదన్నా చేసే మనిషినా నేను? నలభై ఏళ్లలో ఎప్పుడన్నా చూశావా?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆ సమయంలో నవ్వు రావడమేమిటో తెలియలేదు గాని, వచ్చింది. ఆయనా నవ్వాడు.

సోమవారం చీకటితోనే లేచి ఐలీ కారు తీసింది. అద్దం గీకింది, ఇంజను వేడెక్కించింది, పక్క సీటు మీద కంబళి పరిచింది. వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది. బల్ల దగ్గర ఆయన రాత్రి చొక్కాతోనే కూర్చుని ఉన్నాడు, ఉన్న ఒక్క కాలికీ బూటు వేసుకోలేదు. ఆమె హారన్ కొట్టింది. ఆయన కదల్లేదు. మళ్లీ కొట్టింది. తెల్లవారి, డెల్ తోసిన దారి మీద కొత్త మంచు ఒక పొర పట్టేదాకా ఐలీ అందులోనే కూర్చుంది. తర్వాత ఇంజను ఆపి లోపలికి వెళ్లి యాలకుల రొట్టె కోసి ఆయన ముందు పెట్టింది. ఆయన వెన్న రాయమన్నాడు, దండిగా. ఇక పథ్యం ఎందుకన్నాడు.

మర్లీన్ ఫోన్ చేసింది. పాస్టరు వచ్చి వాళ్ల తాతలనాటి భాషలో ప్రార్థన చదివి వెళ్లాడు. మర్లీన్ చెప్పినట్టే వెయినోకి నిద్ర ఎక్కువైంది. పదో రోజు మధ్యాహ్నం బయట మంచు పడుతుండగా వెయినో పోయాడు. ఐలీ ఆయన చెయ్యి చల్లబడేదాకా పట్టుకుని, తర్వాత డెల్‌కి ఫోన్ చేసింది.

శవాన్ని తీసుకెళ్లే బండి గుట్ట ఎక్కలేకపోయింది. డెల్ శవపేటికని తన పికప్ వెనక ఎక్కించి గుట్ట కిందికి దింపాడు. ఐలీని తన పక్కన కూర్చోమంటే ఒప్పుకోలేదు. పికప్ వెనకే కెమారో నడుపుకుంటూ వెళ్లింది. మలుపుల్లో తోక జారింది, సర్దుకుంది. పక్క సీట్లోంచి గేరు చెప్పేవాళ్లు లేరు. తప్పు గేరులోనే గుట్టంతా దిగానని కిందికొచ్చాకగాని ఆమెకి తెలియలేదు.

నేల రాయిలా గడ్డకట్టి ఉంది. ఆ చలికాలం పోయినవాళ్లందరితోపాటు వెయినో పెట్టెను కూడా శ్మశానం అంచున రాతిగదిలో పెట్టారు. మే నెలలో నేల మెత్తబడ్డాక పూడ్చారు. పెద్ద వాన. పాస్టరు, డెల్, చర్చి ఆడవాళ్లు కొందరు వచ్చారు. కాఫీ దగ్గర ఒకామె ఐలీ భుజం తట్టి, "నీకు కష్టం తప్పించాడమ్మా, మంచి మనిషి," అంది. ఐలీ కప్పు కింద పెట్టి బయటికి వెళ్లి వానలో నిలబడింది. ఆ మాట నిజమో కాదో ఆ సావనాలో ఆయన మొహం చూస్తూ కూడా తేల్చుకోలేకపోయింది. ఇక అడగడానికి మనిషి లేడు.

ఆ వేసవిలో మెకానిక్ కారుని పైకెత్తి చూసి, అడుగు రేకు తుప్పుపట్టి పోయిందని చెప్పాడు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అవతలికి దిగింది. ఇంకో చలికాలం తట్టుకోదన్నాడు. ఐలీ దాన్ని అతనికే వదిలేసింది. గుట్టమీది ఇల్లు మూసి, హాంకాక్‌లో రొట్టెల దుకాణం పైన గది తీసుకుంది. అక్కడ చర్చికీ కొట్టుకీ నడిచే పోవచ్చు. చర్చి ఆడవాళ్లు ఎప్పుడు చూడబోయినా కాఫీ పోస్తుంది, కుశలం అడుగుతుంది, ఆయన ఊసెత్తితే లేచి కప్పులు కడుగుతుంది.

చలికాలంలో రాత్రంతా మంచు కురిసిన తెల్లవారుజామున వీధిలో మంచు తోసే బండి చప్పుడు వినగానే ఆమెకి మెలకువ వస్తుంది. లేచి, దీపం కూడా వేయకుండా మేజోళ్లు తొడుక్కుంటుంది, కోటు తగిలించుకుంటుంది. గుండీలు సగం పెట్టుకున్నాక చేతులు ఆగిపోతాయి. అప్పుడు మంచం అంచున కూర్చుని, కింద రొట్టెలవాళ్లు పని మొదలుపెట్టేదాకా అలాగే ఉంటుంది.