అప్పలమ్మ అవ్వ మేడిచెట్టు

పచ్చి మేడికొయ్యను కోస్తే పుల్లటి పాలవాసన వస్తుంది. మొన్న ఉదయం పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో మా వీధిలోకి ఆ వాసన రాగానే కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి గేటు దాకా పరుగెత్తాను. పక్కింటాయన మోటారు రంపంతో చెట్టు కొట్టిస్తున్నాడు. "దొంగలు ఎక్కుతారు సిస్టర్," అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు. పొడవాటి తోకల పిట్టలు పదో పన్నెండో కరెంటు తీగకు వేలాడుతూ, చెట్టు ఉండిన చోటుకేసి చూస్తున్నాయి. ఆయన్ని నాలుగు తిట్లు తిట్టాను. తిట్టే అర్హత నాకు బొత్తిగా లేదు. అందుకని ఇంకో రెండు ఎక్కువే తిట్టాను.

నేను పెరిగిన ఉంజింటోలో, మా తాతలు చెరకు కొట్టడానికి ఓడెక్కి వచ్చిన ఊళ్లో, మా బట్టల కొట్టు వెనకగోడకు ఆవలి పెరడు అప్పలమ్మ అవ్వది. చక్కెర మిల్లు దొరల ఇళ్లలో బట్టలుతికి, ఇస్త్రీ చేసి, చేతులు కాయలు కాశాక ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఊరంతా అవ్వా అని పిలిచినా, ఆవిడ ఎవరినీ ముద్దు చేసేది కాదు. నన్ను "షాపుపిల్ల" అనేది, అందులో సగం వెక్కిరింపు. ఆ పెరట్లో, మా గోడకు ఆనుకుని, పెద్ద మేడిచెట్టు. కాయ పండే రోజుల్లో పిట్టలతో అది మా కొట్టుకంటే రద్దీగా ఉండేది. పైగా అక్కడ ధర తగ్గించమనేవాళ్లు లేరు.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం ఆ చెట్టు కింద నిలబడి, ఆకుల్లో ఏదో కదిలిందని తలెత్తి చూశాను. అది ఎగిరిపోయింది.

"హే షాపుపిల్లా, తులా! నోరు మూసి కూకో. గుడ్లప్పగించి సూస్తావేటి? దానికి బయమెయ్యదా?"

"చూడకపోతే ఎలా కనిపిస్తుంది అవ్వా?"

"సూడనట్టు సూడు. నీ కాళ్లకేసి సూసుకో. అదే వొస్తది."

పాత సత్తు పళ్లెంలో నీళ్లు పోసి, దానికి వీపు పెట్టి, ఇద్దరం బియ్యం ఏరుతూ కూర్చున్నాం. చాలాసేపటికి పిట్ట దిగింది. ఓరకంట చూశాను. ఆకుపచ్చ ఒళ్లు, ఊదారంగు జుట్టు. లేచి ఎగిరేటప్పుడు రెక్కల లోపల దాచుకున్న ఎరుపంతా ఒక్కసారి విప్పింది. "ఇగ్వాలాగ్వాలా," అంది అవ్వ పెదవి కదపకుండా. "జూలూ రాజుగోరు ఆ ఈక తలకెట్టుకుంటాడంట. మనకి సూడు, ఉత్తినే నెత్తిమీద ఎగురుద్ది." పిగిలిపిట్ట, గిజిగాడు, తేనెపిట్ట అన్న పేర్లు వాళ్లమ్మ చెప్పినవి. వాటిని ఇక్కడి పిట్టలకే తగిలించేసింది. మిగతా పేర్లు ఉతుకు తొట్టి దగ్గర జూలూ ఆడవాళ్లు ఇచ్చినవి. ఏ భాషలోనూ పేరు దొరకనివాటికి తనే పెట్టేది. వంతులేసుకుని కూసే ఎర్రమెడ జంటకు "మొగుడూ పెళ్లాల పిట్ట" అని పేరు. "ఒకటంటే ఇంకోటి ఊరుకోదు. మీ అమ్మా నాన్నలాగ."

మా నాన్న కొట్లో చెప్పే మాట కూడా అదే: సరుకు మీద కన్ను పడిందా, ధర పెరిగిందన్నమాటే. అందుకే అవ్వ పాఠం నాకు తొందరగా వంటబట్టింది. పిట్టల కోసం నేర్చుకున్న విద్యను టోకు వర్తకుల మీద ప్రయోగించాను. నీలం తాను కావాలంటే పసుపు తానుకేసి గంటసేపు చూసేదాన్ని. ముప్ఫై ఏళ్లొచ్చేసరికి ఉంజింటోలో నన్ను బేరంలో గెలిచినవాడు లేడు. అదొక గొప్ప అనుకున్నాను, గాడిదను.

తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓటు వెయ్యబోతున్న సంవత్సరం వచ్చింది. గొడవలవుతాయన్న భయంతో జనం చేపల డబ్బాలూ కొవ్వొత్తులూ ఇంటినిండా పేర్చారు. మేము చీరలు వెనక్కి జరిపి తాళాలు, ముళ్లతీగ ముందు పెట్టాం. "ఇంకో చుట్ట తీసుకోండి ఆంటీ, కాలం చూస్తున్నారుగా," అని అమ్మింది నేనే. అమ్మి అమ్మి చివరికి నా మాట నేనే నమ్మాను. గోడ దూకడానికి వీల్లేకుండా వీధి వీధంతా చెట్లు కొట్టేశారు. ఎవరు దూకుతారని? మా తాతల పక్కన నిలబడి చెరకు కొట్టిన జూలూవాళ్లు, నిన్నటిదాకా మా బల్ల ముందు వరుసలో నిలబడినవాళ్లు. వాళ్లకు ఓటు వస్తోందంటే మాకు గొడ్డలి గుర్తొచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను.

వడలు చేసి అవ్వ ఇంటికి పట్టుకెళ్లాను, చెట్టు మాట ఎత్తకుండా. అవ్వ మోకాళ్ల గురించి అడిగాను, చూరుగొట్టంలో ఆకులు ఇరుక్కుంటున్నాయని జాలిపడ్డాను. గంట గడిచాక ఆవిడే అంది: "గోడమీదికొచ్చిన కొమ్మలు రెండు కొట్టించుకో. రెండే." మర్నాడు మనవరాలి పెళ్లికని పోర్ట్ షెప్‌స్టోన్ వెళ్లింది. రంపంవాళ్లు వచ్చి చెట్టు చూసి, రెండు కొమ్మల కూలికే మొదలంటా కొట్టేస్తామన్నారు. అలాంటి బేరం వదులుకునే రక్తం కాదు మాది. సరేనన్నాను.

పెళ్లినుంచి తిరిగొచ్చిన అవ్వ చేతిలో సంచి దించకుండానే మోడు దగ్గర నిలబడింది. రాలిన గూడొకటి తీసి, లోపల చూసి, మెల్లగా కింద పెట్టింది.

"రెండన్నాను."

"దొంగలు అవ్వా... కాలం..."

"నా ఇంట్లో దొంగకి ఏటుంది? పిట్టలే. అయ్యి నువ్వట్టుకుపోయావు." మోడు మీద చెయ్యి పెట్టి అంది: "ఆ రోజు గంట కూకున్నావు. చెట్టుకేసి ఒక్కసారీ సూడలేదు. అప్పుడే తెలిసింది నాకు, నీ కన్ను దేనిమీదుందో. నేన్నేర్పిన పిల్ల కదా, మాట తప్పదులే అనుకున్నాను."

ఓటు రోజు ఒక్కడూ గోడ దూకలేదు. వరుస బడి దగ్గర మొదలై మా వీధి చివరిదాకా సాగింది. మేము భయపడినవాళ్లూ మేమూ కలిసి పొద్దుటినుంచి ఎండలో మాడిపోయాం. నిలబడడానికి నీడ లేదు, మేమే నరికేశాం. ఒక జూలూ ముసలామె తన గొడుగు సగం నా నెత్తిన పట్టింది. అవ్వ నాకు పదిమంది ముందు నిలబడింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ ఏడాదే ఇల్లు వదిలి పోర్ట్ షెప్‌స్టోన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. రెండో అంతస్తు గది, కిటికీలోంచి ఎదుటి మేడ గోడ తప్ప ఇంకేమీ కనబడదు. పళ్లు పట్టుకుని చూడ్డానికి వెళ్లాను.

"అవ్వా, ఒక్క మాట అడగాలని వచ్చాను..."

"బేరమెట్టకు."

అంతే. కూతురు టీ తెచ్చింది, తాగాను, లేచి వచ్చేశాను. మరుసటి వానల్లో ఆవిడ పోయింది. నా మీద ఆవిడకున్న కోపం మాత్రం పోలేదు. అది నాకొచ్చింది, నిండుగా. అందులో రవ్వంత తగ్గించమని ఎవరినీ అడగను.