లేబుల్ కిందికి పెట్టిన సీసా

డర్బన్‌కు గంట దూరంలోని రైస్‌థార్ప్‌లో మేం అద్దెకున్న గది ఒక బూట్ల ఫ్యాక్టరీ కార్మికుడి ఇంటి వెనక ఉండేది. ఆ దేశంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలైన రెండేళ్ళకు మా ఆయనకు అక్కడ లెక్కల మాస్టారుగా ఉద్యోగం వస్తే కాకినాడ నుంచి వెళ్ళాం. నేను ఫార్మసీ చదివినా నా పట్టాకు అక్కడి గుర్తింపు ఇంకా రాలేదు. అందుకని బజారు వీధిలోని ఒక మందుల షాపులో కౌంటరు దగ్గర సహాయకురాలిగా చేరాను.

ఇంటాయనకు యాభై దాటాయి. పాతికేళ్ళకు పైగా తోలు కత్తిరించిన మనిషి. వాళ్ళ ముత్తాత చెరుకు తోటల్లో కూలి పనికి విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చాడట. ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడేవారు. ఈయన మాత్రం మామ్మ దగ్గర పెరిగాడు కాబట్టి కొద్దిగా తెలుగు మిగిలింది. మేం దిగిన రోజున గుమ్మంలో నిలబడి, "ఏటమ్మీ, కూడు తిన్నావా?" అన్నాడు. అంత దూరం వచ్చాక ఆ మాట వినేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆయన భార్యది తమిళ కుటుంబం. ఆయన్ని అన్నా అని, ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని. అన్న భార్య వదిన కావాలి గానీ అక్క ఎలా అవుతుందని మా ఆయన నవ్వేవాడు. వాళ్ళకా పట్టింపు లేదు. అక్క నన్ను అమ్మా అన్నట్టుగా 'మా' అని పిలిచేది. సాయంత్రాలు అన్న నా దగ్గర తెలుగు మాటలు అడిగి నేర్చుకునేవాడు. గొడుగు అని చెబితే వారం రోజులు, చినుకు పడకపోయినా, గొడుగు గొడుగు అంటూ పెరట్లో తిరిగాడు.

తర్వాత బయటి దేశాల నుంచి చౌక బూట్లు వచ్చిపడ్డాయి. ఫ్యాక్టరీ మూతపడింది. అక్క బడిపిల్లల యూనిఫారాలు కుట్టి ఇల్లు నడపడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే ఆయనకు బీపీ ఎక్కువగా ఉందని బయటపడింది. డాక్టరు రాసిన మాత్రలు నెలనెలా మా షాపులోనే తీసుకునేవాడు. కొన్నాళ్ళకు తెలుగు మాటలు అడగడం మానేశాడు. అక్క గొంతు మాత్రం తరచుగా వినిపించేది. ముందు గదిలో సోఫా మీద మడతపెట్టిన దుప్పటి, తలగడ కనిపించేవి. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మా కౌంటరు పక్క అరలో గుర్రం బొమ్మ ఉన్న సీసాలుండేవి. మగవాళ్ళ సత్తువకు, పూర్తిగా మూలికలతో చేసిన గుళికలని వాటిమీద రాసి ఉండేది. నోరు తెరిచి అడగలేని సరుకు చేతికి అందేలా ఉండాలనేవాడు మా యజమాని. మగవాళ్ళు ఏ దగ్గు మందుతోనో కలిపి ఆ సీసా బల్ల మీద పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. నేనూ తలెత్తకుండా కాగితం సంచిలో వేసి ఇచ్చేదాన్ని.

ఒక శనివారం పొద్దున అన్న వచ్చాడు. వెనక పెద్ద క్యూ ఉంది. ఆయన తన మాత్రల పొట్లం తీసుకుని, కదలకుండా నిలబడి, బల్ల మీదికి వంగి తెలుగులో అన్నాడు.

"అమ్మీ, నాను ఒకటి అడిగేది. ఈ ప్రెషర్ మాత్ర ఉండాది కదా, ఇది తిన్న కాడ్నించి నాను మొగోడు కాదు. మాత్ర వల్లా? నువ్ సదివినావు, సెప్పు."

ఆ షాపులో ఆ మాటలు అర్థమయ్యేది మా ఇద్దరికే. అందుకే ఆయన నా దగ్గరికి తెచ్చాడు. తన ఇంట్లో చెప్పుకోలేనిది, డాక్టరు ముందు ఇంగ్లీషులో అడగలేనిది, తనకు మిగిలిన ఆ నాలుగు తెలుగు మాటల్లో పెట్టి నన్నడిగాడు. నాకు ఇరవై ఏడేళ్ళు. తండ్రి వయసు మనిషి అలా అడిగేసరికి చెవులు వేడెక్కిపోయాయి. వెనకున్న ఆడవాళ్ళందరికీ తెలుగు వచ్చేసినట్టే అనిపించింది.

"మాత్రలు మానకండి అంకుల్. ఏదైనా ఉంటే డాక్టర్ని అడగండి," అన్నాను. ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "ఓకే, మేడమ్," అన్నాడు. అంతకుముందెప్పుడూ నన్ను మేడమ్ అనలేదు. పక్క అరలోంచి ఒక సీసా తీసి, లేబుల్ కిందికి ఉండేలా బల్ల మీద పడుకోబెట్టాడు. నేను దాన్ని సంచిలో వేసి ఇచ్చాను.

అలాంటి మాత్రలు కొందరు మగవాళ్ళకు ఆ ఇబ్బంది తెస్తాయని నేను చదువుకున్నాను. డాక్టరుకు చెబితే వేరే మందు రాస్తారు. ఈ రెండు ముక్కలు చెబితే సరిపోయేది. నాకు చెప్పే అధికారం లేదనుకుంటే, లోపలున్న ఫార్మసిస్టును పిలవడానికి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. ఆ రెండూ చెయ్యలేదు.

తర్వాతి నెల ఆయన మాత్రల పొట్లం, పేరు రాసి, తీసుకుపోవాల్సిన పొట్లాల అరలో అలాగే ఉండిపోయింది. రోజూ చూసేదాన్ని. ప్రభుత్వాసుపత్రిలో తీసుకుంటున్నాడేమో అనుకున్నాను. పెరట్లో ఎదురైతే అడుగుదామనుకునేదాన్ని. ఎదురైతే ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం.

చలికాలం మొదట్లో, ఒక ఆదివారం ఉదయం, కారు కడుగుతూ పడిపోయాడు. నీళ్ళ గొట్టం అలాగే పారుతోంది. నేను వెళ్ళేసరికి మూతి ఒక పక్కకు పోయింది. అక్క ఆయన తల ఒడిలో పెట్టుకుని, "ఏంటి మ్యాన్, లే మ్యాన్," అంటూ చెంపలు తట్టింది. పక్షవాతం. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. చాలాకాలంగా బీపీ అదుపులో లేదని ఆసుపత్రిలో చెప్పారు.

పది రోజుల తర్వాత అక్క మా వంటగదిలోకి వచ్చింది. ఆయన ఫ్యాక్టరీకి తీసుకెళ్ళే టిఫిను డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. మూడు ఖాళీ సీసాలు, ఒకటి సగం వాడినది, మా షాపు ముద్ర ఉన్న సంచి.

"నువ్వే ఇచ్చావా, మా?"

ఒకటి నేనే ఇచ్చానని చెప్పాను. తర్వాత మొత్తం చెప్పాను. క్యూ, ఆయన అడిగిన మాట, నేనిచ్చిన జవాబు, అరలో మిగిలిపోయిన పొట్లం.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడింది. "పక్క మార్చుకుని సోఫా మీదికి పోయాడు. ఇంకెవరో ఉన్నారనుకున్నా. ఫ్యాక్టరీలో ఒకామె ఉండేది. పో, దాని దగ్గరికే పో అని రోజూ తిట్టాను. నేను ముసలిదాన్నయ్యాను, నన్ను చూస్తే అసహ్యం అనుకున్నా." సీసా మూత తిప్పి మళ్ళీ బిగించింది. "నాకు ఇదంతా కావాలని ఎవరు చెప్పారు? నాతో కూర్చుని టీ తాగితే చాలు కదా. నీకు చెప్పాడు. నాకు చెప్పలేదు."

"నాకూ పూర్తిగా చెప్పలేదు అక్కా. నేనే చెప్పనివ్వలేదు," అన్నాను. ఆవిడ సీసాలు డబ్బాలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆయన పదకొండు నెలలు బతికాడు. అక్క కుట్టు మిషను ఆయన మంచం పక్కకు జరుపుకుంది. గడ్డం గీసేది, గంజి తాగించేది. ఒక మధ్యాహ్నం చారు ఇద్దామని వెళ్తే తలుపు ఓరగా ఉంది. ఆ ఇరుకు మంచం మీద ఆవిడ ఆయన పక్కనే పడుకుని, బాగున్న చేతి మీద తల పెట్టుకుని, యూనిఫారం కాలర్లు సరిగ్గా కుదరలేదని ఏదో చెబుతోంది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నేను చప్పుడు చెయ్యకుండా గిన్నెతో వెనక్కి వచ్చేశాను. వాళ్ళకు ఎప్పుడో దొరకాల్సింది అది.

ఆయన పోయాక యజమానిని ఆ సీసాలు తీసెయ్యమని అడిగాను. తను మానితే పక్క షాపువాడు అమ్ముతాడన్నాడు. నా పట్టాకు గుర్తింపు వచ్చాక డర్బన్‌లో పని దొరికింది, అక్కడి అవోకా పేటకు మారాలనుకున్నాం. సామాను లారీ ఎక్కించాక అక్క దగ్గరికి వెళ్ళాను.

"నన్ను క్షమించు అక్కా," అన్నాను.

ఆవిడ పొయ్యి దగ్గరి నుంచి తిరగలేదు. "నా మీద నాకు కోపం ఉంది. నీ మీదా ఉంది. అది పోదు, మా," అంది. ఒక కంచం తెచ్చి నా ముందు పెట్టింది. చిక్కుడు గింజల కూర, రెండు రొట్టెలు. "తిని వెళ్ళు. దారిలో ఏమీ దొరకదు."

తిన్నాను. తిన్నంతసేపూ ఆవిడ ఎదురుగా కూర్చుంది.