సోమ, బుధ, శుక్రవారాల తాళం

కరోనా సద్దుమణిగిన మరుసటేడు, నా పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, నన్ను పుదుచ్చేరి పట్టణంలో ఒక జబ్బుల సర్వేకు ఫీల్డ్ సూపర్‌వైజరుగా వేశారు. అప్పటికి నేను ఆరోగ్య గణాంకాల విభాగంలో సీనియర్ అసిస్టెంటును. వైతికుప్పం, కోసపాళయం, ఇందిరా నగర్, ఈ మూడు చోట్ల సుగరు, బీపీ, కిడ్నీ జబ్బుల భారం ఎక్కడ ఎంతో తేల్చాలి. భారమంటే మా లెక్కలో రెండు కలిపిన మాట: తొందరగా చనిపోవడం వల్ల పోయిన ఏళ్ళు, జబ్బుతో ఈడ్చిన ఏళ్ళు. ఎక్కడ ఎక్కువని తేలితే అక్కడ వారానికోసారి డాక్టరు కూర్చునే క్లినిక్ పెడతారు.

పద్ధతి కట్టుదిట్టమైనదే. జాబితాలోంచి ఇన్ని ఇళ్ళకొకటి చొప్పున ఎంచుతాం. ఎన్యూమరేటరు, అంటే ఇల్లిల్లూ తిరిగి ఫారం నింపే మనిషి, పని అయిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో టిక్కు పెడుతుంది. తాళం ఉంటే మరో రెండుసార్లు వెళ్ళాలి. మూడోసారీ తాళమే అయితే ఇంటూ గుర్తు వేసి, ఆ ఇంటిని లెక్కలోంచి తీసేయాలి. పక్కింటివాళ్ళు చెప్పింది రాసుకోకూడదు. ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో రూటు చార్టు వేసింది నేనే. వైతికుప్పానికి సోమ, బుధ, శుక్రవారాలు ఇచ్చాను. మిగతా రోజుల్లో ఇందిరా నగర్‌కు పోను మా కోసపాళయంలోనే, ఇంటికి దగ్గరగా పని చూసుకోవచ్చన్న స్వార్థం కూడా అందులో కొంత ఉంది.

ఫీల్డ్ పని ముగిసి పట్టికలు తయారవుతుండగా, వైతికుప్పం నుంచి సరోజ అనే ఆవిడ ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఆసుపత్రి పుస్తకం. మాలాగే తాతల నాడు ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. నా యాస పట్టేసి, తమిళం వదిలి తెలుగులోకి దిగింది.

“మా తలుపు మీద ఇంటూ ఏసి పోయినారు, ఏందక్కా అది? మేం ఊరిడిసి యాడికీ పోలేదే. మా ఆయనకి కిడ్నీ రెండూ పోయినాయి. వారానికి మూడు తూర్లు రక్తం కడిగేదానికి ఆస్పత్రికి పిలుచుకోని పోతా ఉండాను.”

ఏయే రోజులని అడిగాను. సోమ, బుధ, శుక్రవారాలంది. అవి నా చార్టులో నేను వేసిన రోజులే.

“ఆయన పేరు రాసుకో అక్కా. మా తమ్ముడికీ సుగరుండాది. ఆస్పత్రికి రమ్మంటే పని పోతాదని రాడు. మా వైతికుప్పంలోనే డాక్టరు కూకుంటే కండిప్పా పోతాడు, పోకుండా ఉండడు.”

చేయగలిగింది లేకపోలేదు. పట్టికల మీద సంతకం పడేలోగా సూపర్‌వైజరు కారణం రాసి నోటు పెడితే, తాళం ఇళ్ళకు మళ్ళీ మనిషిని పంపవచ్చు. కానీ ఆ కారణం నా చార్టే. రిటైరయ్యే ముందు సంజాయిషీ రాసుకోవడమెందుకు అనుకున్నాను. చూస్తానమ్మా అని చెప్పి పంపేశాను. చూడలేదు. వారం తర్వాత సంతకం పెట్టాను. మూడు చోట్లకీ పెద్ద తేడా లేదని నివేదిక తేల్చింది. తేడా లేనప్పుడు గది సిద్ధంగా ఉన్న చోటే మేలని క్లినిక్ ఇందిరా నగర్‌కు వెళ్ళింది.

తర్వాత ఒక ఆదివారం వైతికుప్పంలో ఇంటూ పడిన ఇళ్ళన్నీ నా అంతట నేనే తిరిగాను. చాలావాటిలో ఎవరో ఒకరు మంచాన ఉన్నారు, లేదా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నేను రిటైరయ్యే ఏడు రెండో విడత వచ్చింది. ఈసారి రోజులు మార్చమని, కారణం కూడా దాచకుండా రాసి, నోటు పెట్టాను. రోజులు మారిస్తే పద్ధతి మారినట్టే, అప్పుడు మొదటి సర్వేతో పోల్చడం కుదరదని పైనుంచి జవాబు వచ్చింది. లెక్కల శాస్త్రం ప్రకారం అది తప్పు జవాబు కాదు. అందుకే నాకు కోపం రాలేదు, నీరసం వచ్చింది.

ఒక బుధవారం ఎన్యూమరేటరుతో పాటు నేనూ వెళ్ళాను. సరోజ ఇల్లు తెరిచే ఉంది. భర్త పోయాడు. ఇంట్లో జబ్బుతో ఎవరైనా ఉన్నారా అంటే లేరంది. మరణాల ప్రశ్న గడిచిన పన్నెండు నెలలకే. ఆయన పోయి పదమూడు నెలలు. ఎన్యూమరేటరు ఆ గడిలో సున్నా వేసి, తలుపు మీద టిక్కు పెట్టింది. మా కాగితాల్లో అది ఏ జబ్బూ లేని ఇల్లు.

తమ్ముడెలా ఉన్నాడని అడిగాను.

“వాడికీ ఇప్పుడు ఆ రక్తం కడిగే మిషనేనక్కా. మా ఆయన ఆస్పత్రికి పోతా ఉండిన రోజులే వీడికీ ఇచ్చినారు,” అంది. నన్ను నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

ఈ విడత జాబితాలో తమ్ముడి ఇల్లూ ఉంది, మూడిళ్ళ అవతల. తాళం వేసి ఉంది. అక్కడికి అది మా మూడో రాక. ఏం చేయమంటారన్నట్టు ఎన్యూమరేటరు నా వైపు చూసింది. నిబంధన ప్రకారం చేయమన్నాను. సుద్దముక్క తీసి ఇంటూ వేసింది.

సర్వేలో తప్పిపోయేవాళ్ళు చెదురుమదురుగా తప్పిపోతారని మాకు ట్రైనింగులో చెప్పేవారు. అది నిజం కాదు. జబ్బున్నవాళ్ళే ముందు తప్పిపోతారు, మిగిలినవాళ్ళను లెక్కపెట్టి ఊరు బాగుందని రాస్తాం. ఈ సంగతి నాకు మొదటి విడతలోనే తెలిసింది. రెండు నివేదికల మీదా సంతకం నాదే.