వైరు పీకి చూసినావా?

అందరినీ అడిగే ఆ ఒక్క ప్రశ్నను సార్ నన్ను మాత్రం అడగడం ఎందుకు మానేశారు? ఎనిమిదేళ్లుగా ఈ సందేహం నాతోనే ఉంది. పోయిన మంగళవారం పొద్దున డోన్ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి "నాన్న పోయినాడక్కా" అన్నప్పుడు, ఏడుపుకన్నా ముందు అదే గుర్తొచ్చింది.

కర్నూలులో మాది చిన్న కంపెనీ. ఆసుపత్రి మంచాల పక్కన గుండె వేగాన్ని చూపే తెరలు తయారుచేస్తుంది. ఆ తెరలను నడిపే డిస్‌ప్లే డ్రైవర్ కోడ్‌లో ఎవరు ఏ మార్పు చేసినా, సార్ చదివి కింద తన పేరు పెడితేనే బయటికి వెళ్లేది. డోన్ నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. మా మార్పులను అచ్చు తీసుకుపోయి, రైల్లో చదివి, అంచుల్లో పెన్సిల్ గీతలతో తెచ్చేవారు.

ఆయన వెతికేవి రెండే. నడుస్తున్న తెర వైరును ఊడబీకి మళ్లీ పెడితే బొమ్మ తిరిగొస్తుందా అన్నది ఒకటి. తాళం పట్టుకుని చేసే పని మధ్యలో కోడ్ నిద్రపోతోందా, అంటే దేనికోసమో ఎదురుచూస్తూ ఆగిపోతోందా అన్నది రెండోది. ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు ముట్టుకోకుండా పెట్టే అడ్డునే మేం తాళం అంటాం. "కొంచెంసేపు నిద్రపోతే ఏమవుతుంది సార్?" అని కొత్తగా చేరినతను అడిగాడొకసారి.

"ఏమప్పా, మీ వీధికి ట్యాంకరు వస్తాదా? పైపు పట్టుకున్నోడు దాన్ని ఇడవకుండా ఆడే నిద్రపోయినాడనుకో. బిందెలు తెచ్చినోళ్లంతా యాడికి పోవాల?" అన్నారు సార్. ఆ వెంటనే ఎప్పటి ప్రశ్న: "సరే, వైరు పీకి చూసినావా?"

ఒక శుక్రవారం సాయంత్రం నన్నూ అడిగారు. "పాపా, వైరు పీకి చూసినావా?" మా ఊరికి పోయే మైదుకూరు బస్సుకు టైమవుతోంది. తెర వైరు బల్ల వెనక ఎక్కడో ఉంది. "చూసినా సార్" అన్నాను. చూడలేదు.

నెల తిరక్కుండానే ఒక ఆసుపత్రిలో మంచం జరపడానికి వైరు తీసి మళ్లీ పెట్టారు. తెర బిగుసుకుపోయింది. రోగి గుండె తడబడుతున్నా తెర మీద డెబ్బై ఎనిమిది అంకె అలాగే నిలబడింది. ఒక నర్సు అనుమానమొచ్చి మణికట్టు పట్టి చూడబట్టి ఆ మనిషి బతికాడు. తప్పు నా మార్పులోదే. వైరు పెట్టగానే కోడ్ తాళం పట్టుకుని, తెర జవాబు కోసం ఎదురుచూస్తూ నిద్రపోయింది. ఒక్కసారి పీకి ఉంటే నా బల్ల మీదే బయటపడేది.

మీటింగులో సార్ లేచి, "చదివి పేరు పెట్టింది నేను. తప్పు నాది" అన్నారు. నేను నోరు తెరవలేదు. ఇకమీదట ఆయన పేరొక్కటే చాలదనీ, ఇంకొకరు కూడా చదవాలనీ నియమం వచ్చింది. "నాకు ఇంకో జత కళ్లద్దాలు పెట్టించినారప్పా" అని నవ్వేవారు.

ఆ రోజు నుంచి ఆయన ఉద్యోగం వదిలేదాకా నా మార్పులు ఎప్పటిలాగే చదివారు. గీతలు పెట్టారు. ఆ ప్రశ్న మాత్రం అడగలేదు. నాకు ఇటు కుర్చీలోవాళ్లను అడిగి, నన్ను దాటి, అటు కుర్చీలోవాళ్లను అడిగేవారు. చెప్పేద్దామని ఎన్నోసార్లు ఆయన బల్ల దాకా వెళ్లాను. "ఏం పాపా?" అనేవారు. "ఏం లేదు సార్" అని వచ్చేసేదాన్ని.

మంగళవారమే డోన్ వెళ్లాను. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈ కడా దినాల్లో ఆస్పత్రిలో మంచం మార్చినప్పుడల్లా మీ సారు నర్సమ్మను ఒకటే అడిగేవాడమ్మా. 'వైరు పీకి పెడితివే, అంకె కదుల్తాండాదా?' అని. ఆయమ్మ నగి, 'నువ్వు ఇంత మాట్లాడతాంటే అది కదలకుండా యాడికి పోతాది తాతా' అనె." ఆమె కూడా నవ్వబోయి ఆగింది. "పాప ఇంగా ఆడే పని చేస్తాండాదా అని నీ మాట గూడా అడిగినాడు మీ సారు."

ఆమెకూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు మార్పులు చదివే పని నాది. నేను ఎవరినీ అడగను, వైరు నేనే పీకుతాను. తెర నల్లబడుతుంది. మళ్లీ పెట్టాక వెలగడానికి రెండు మూడు క్షణాలు పడుతుంది. సార్ నన్ను నమ్మి అడగడం మానేశారా? అబద్ధమని తెలిసి, నాచేత ఇంకొకటి చెప్పించడం ఇష్టంలేక మానేశారా? నాకు తెలియదు. ఈ రెండింటిలో ఏది నిజమైతే నాకు నయమో, అది కూడా తేల్చుకోలేకపోతున్నాను. తెర మీద అంకె వస్తుంది. అది కదిలేదాకా వైరు మీంచి చెయ్యి తీయను.