‘మీరు’ అనే పిల్ల, ‘రాయే’ అనే అవ్వ

డెబ్బయ్యవ దశకం చివర్లో హైదరాబాదులో సోషల్ వర్క్ చదివి వచ్చి, వరంగల్‌లో ఒక మిషన్ దవాఖానలో ఉద్యోగంలో చేరాను. నాకిచ్చిన గదిలో అంతకుముందు దుప్పట్లు పెట్టేవారట. ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి, తలుపు మీద ‘కౌన్సెలింగ్’ అని బోర్డు పెట్టారు. ఆ మాటకు అర్థం తెలియక జనం మొదట భయపడ్డారు. ఇక్కడ సూది ఉండదు, మందు ఉండదు, ఊరికే మాట్లాడతారని తెలిశాక, ఎండ పూట కాసేపు ఫ్యాను కింద కూర్చుని పోవడానికి రావడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం నా చదువు మీద గొప్ప నమ్మకం. ఎదుటి మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే ఆమె బాధ ఏమిటో నాకు తెలిసిపోయేది.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే నర్సింగ్ స్కూలు మేట్రన్ ఒక అమ్మాయిని నా దగ్గరకు పంపింది. కేరళ నుంచి వచ్చిన పిల్ల. ఆ బ్యాచ్‌లో ఆ వైపు నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. పని శుభ్రంగా చేస్తుంది, పరీక్షల్లో ముందుంటుంది, కానీ కొన్ని వారాలుగా ఇంటికి పోతానని పట్టుబట్టింది. మేట్రన్ మా మట్టెవాడ మనిషే. నన్ను లంగా జాకెట్ల నాటి నుంచి ఎరుగును. “జర మాట్లాడి చూడు బిడ్డా. నీ చదువు గిట్లనన్న పనికొస్తదేమో,” అంది.

అమ్మాయి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆమెకు తెలుగు వచ్చు. కాకపోతే అది మా దవాఖానలో ఎవరూ మాట్లాడని తెలుగు. వాళ్ల ఊరి కాన్వెంటులో ఉండే గుంటూరు వైపు సిస్టర్ ఒకామె నేర్పి పంపిందట. ప్రతి మాట చివరా ఒక ‘అండీ’ తగిలేది.

“నాకు ఇక్కడ బాగాలేదండీ,” అంది.

నాకు ఆ ఒక్క మాట చాలు. పరాయి చోట మనిషికి ఒంటరితనం ఎలా మొదలవుతుందో, ఏయే మెట్లు దిగి తగ్గుతుందో అరగంట సేపు వివరించాను. మధ్యలో ఆమె ఒకసారి నోరు తెరిచింది గానీ, నేను మూడో మెట్టు మీద ఉండటం వల్ల ఆగలేకపోయాను. చివర్లో “అర్థమైందా?” అని అడిగితే, “అర్థమైందండీ. నేను వార్డుకు వెళ్లవచ్చునా అండీ?” అంది.

ఇది తిండి సమస్య అని తేల్చుకున్నాను. కేరళ పిల్ల, చేపలకూ కొబ్బరికీ మొహం వాచి ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి భోజనానికి పిలిచాను. మా ఆయన పొద్దున్నే పోయి కొర్రమీను తెచ్చాడు. కొబ్బరినూనె కోసం మట్టెవాడంతా తిరిగి, తలకు రాసుకునే సీసా పట్టుకొచ్చాడు. మా అత్తమ్మ ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, “దీన్ని కూరల పొయ్యాల్నా, నీ నెత్తికి రాయాల్నా?” అని అతని చేతికే ఇచ్చేసింది. చివరికి మా నూనెలోనే కొబ్బరి తురిమి వేసి వండాం.

అమ్మాయి వచ్చి, అన్నంలో పప్పు కలుపుకుని తిని, మళ్లీ పప్పే వేయించుకుంది. చేపల గిన్నె వైపు చూడలేదు.

“మా చేతి కూర నచ్చలేదా బిడ్డా?” అంది అత్తమ్మ.

“క్షమించండి. ఇవి మాకు ఉపవాస దినాలండీ. ఈస్టర్ వరకు చేప, మాంసం, గుడ్డు ముట్టుకోమండీ.”

మేమూ క్రైస్తవులమే. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలో మేము పాటలు మాత్రమే మారుస్తాం, కూరలు మార్చం. ఆమె చర్చి వేరు, వాళ్ల నియమాలు వేరు. ఇద్దరిదీ ఒకే మతం గదా, ఇక తెలుసుకోవడానికేముందని నేను అనుకున్నాను. ఆమె వెళ్లాక అత్తమ్మ గిన్నెలు తీస్తూ, “గామెను అడిగి వండితివా, నీ పుస్తకాన్ని అడిగి వండితివా?” అంది. ఆ పూటా, మరునాడూ ఇంటిల్లిపాదీ చేపలే తిన్నాం.

అయినా ఆ భోజనం వల్ల కొంత మేలు జరిగింది. ఆ వారంలో ఆమె తనంతట తానే నా గదికి వచ్చింది.

“మేడమ్, ఇక్కడ నన్ను పనిమనిషిని పిలిచినట్టు పిలుస్తారండీ. ‘ఏందే’, ‘రాయే’ అంటారండీ. అలా పిలిస్తే మర్యాద లేనట్టేనని మా సిస్టర్ చెప్పారండీ.”

నాకు నవ్వొచ్చింది. “అయ్యో, గా మాట తిట్టు గాదు. మా దగ్గర కన్నబిడ్డను గూడ గట్లనే పిలుస్తరు. నువ్వే తప్పుగ అర్థం చేసుకున్నవు. మా జనం మనసు వెన్న,” అన్నాను. ఇంకా చాలా అన్నాను.

ఆమె లేచి, “సరేనండీ,” అని వెళ్లిపోయింది.

సాయంత్రం చాయ్ తాగుతూ, సమస్య తీరిపోయిందని మేట్రన్‌కు చెప్పాను. ఆమె చల్లగా విని, “ఇంతకు నువ్వు ఎవరి దిక్కు?” అంది.

“నేను ఎవరి దిక్కూ గాదు. ఎవరి దిక్కూ ఉండొద్దనే మాకు నేర్పిండ్రు.”

“మరి మనోళ్లకు వకీలు లెక్క మాట్లాడి వచ్చినవేంది? ఆ పిల్లకు కాలిందా లేదా?”

“కాలింది.”

“కాలిన చోట మందు రాయకుంట, నిప్పు మంచిదని చెప్పి పంపిస్తివి.”

చాయ్ చప్పగా అనిపించింది. మరునాడు నేనే హాస్టల్‌కు వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చుని, “నిన్న నేనే మాట్లాడిన. ఇయ్యాల నువ్వు చెప్పు,” అన్నాను. ఆమె దుప్పటి మడతలు సరిచేస్తూ కూర్చుంది. నా నాలుక మీదికి నాలుగైదు మంచి సలహాలు వచ్చాయి. వాటిని మింగడం ఎంత కష్టమో నా వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుసు.

చివరికి చెప్పింది. ఆడవాళ్ల వార్డులో ఒక ముసలమ్మ ఉంది. పాలంపేట వైపు మనిషి. పొలం గట్టు మీద జారిపడి తొడ ఎముక విరిగింది. కాలికి బరువులు కట్టి వేలాడదీశారు. ఈ అమ్మాయి దగ్గరికి పోతే మొహం తిప్పుకుంటుంది, వేరే సిస్టర్‌ను పంపమంటుంది.

“నేను ఏం తప్పు చేశానో తెలియదండీ. వారిని అర్థం చేసుకోమని మీరు నాతో చెప్పారండీ. నన్ను అర్థం చేసుకోమని వారికి ఎవరు చెబుతారండీ?”

దీనికి నా దగ్గర మెట్లు లేవు. “నేను అవ్వతోని మాట్లాడొచ్చా? నువ్వు గూడ వస్తవా?” అని అడిగాను. ఆలోచించి, వస్తానంది.

అవ్వ మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. అమ్మాయి కాళ్ల దగ్గర నిలబడింది.

“గీ పిల్లకు నేనంటె పడదు,” అంది అవ్వ, నేను అడగకముందే.

“ఎట్ల తెలుసు అవ్వా?”

“నన్ను ‘మీరు’ అంటది. లేవండి, తినండి, పడుకోండి. నేనేమన్న పట్వారి పెండ్లాన్నా? నా కోడలు అలిగినప్పుడు గిట్లనే ‘మీరు మీరు’ అంటది. ఈ పిల్ల గూడ నన్ను దెప్పుతాంది అనుకున్న.”

అమ్మాయి మొహం ఎర్రబడింది. “పెద్దవారిని ‘మీరు’ అనకపోతే మా సిస్టర్ కోప్పడేవారండీ. అది గౌరవమండీ.”

“గౌరవమా? కాలిరిగి పండుకున్నదానికి గదంత దేనికి బిడ్డా?”

రెండో సగం చెప్పడం నా వంతు. “అవ్వా, నువ్వు ‘రాయే’ అంటె ఆమెకు పనిమనిషిని పిలిచినట్టు అనిపిస్తాందట.”

“మరేమనాలె? రాండి దొరసాని అనాల్నా?”

వార్డంతా నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. అవ్వ మనసు మంచిదని చెప్పబోయి ఆగాను. ఆ సంగతి అవ్వే చెప్పుకోవాలి. అవ్వ కూడా ఆ పిల్ల నవ్వకపోవడం చూసింది. కాస్త తగ్గి, “నువ్వే చెప్పు, ఏమని పిలువాలె?” అంది.

“నా పేరు పెట్టి పిలవండి.”

అవ్వ ప్రయత్నించింది. ఆ పేరు ఆమె నోట్లో పడి, కూరగాయ పేరులాగా బయటికొచ్చింది. రెండోసారి ఇంకో కూరగాయ అయింది. “నాతోని గాదు. ‘సిస్టరు, రా బిడ్డా’ అంటె నడుస్తదా?”

“బిడ్డ అంటే ఏమిటండీ?”

“కూతురు,” అన్నాను.

అమ్మాయి అవ్వ వైపు తిరిగి, “మా అమ్మ కూడా అలాగే పిలుస్తుంది. ‘మోళే’ అని,” అంది. ఆమె నోట ‘అండీ’ లేని వాక్యం నేను వినడం అదే మొదలు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. కాలు సలిపినప్పుడు అవ్వకు ఒప్పందం గుర్తుండేది కాదు. “ఏందే, ఎంతసేపు” అని కేకేసేది. అమ్మాయి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, ‘బిడ్డా’ అనేదాకా లోపలికి వచ్చేది కాదు. ఇక ఆమె మా మాట నేర్చుకోవడం మొదలుపెట్టాక వేరే చిక్కు వచ్చింది. దగ్గరితనం కోసం ‘నువ్వు’ అనవచ్చని తెలుసుకుంది గానీ, ఎవరిని అనవచ్చో తెలుసుకోలేదు. ఒకరోజు రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరును, “సార్, నువ్వు జర ఆగు, అవ్వ తింటాంది,” అంది. ఆయన కోస్తా మనిషి. నిలబడ్డచోటే నిలబడిపోయాడట. మేట్రన్ నాకు కబురు పంపింది: “నీ కౌన్సెలింగ్ మంచిగ పనిచేస్తాంది. ఇగ డాక్టరుకు చెయ్యి.”

మే నెలలో అమ్మాయి సెలవులకు వెళ్లింది. తిరిగి రాదేమోనని మేట్రన్‌కూ నాకూ లోపల భయం. జూన్‌లో ఫలానా రైలుకు వస్తున్నానని కార్డు రాసింది. కాజీపేట స్టేషన్‌కు నేనే వెళ్లాను. రైలు దిగినవాళ్లు ఇద్దరు. తన చిన్నాన్న కూతురిని కూడా మా స్కూల్లో చేర్చడానికి తీసుకొచ్చింది. ఆ పిల్లకు తెలుగు ముక్క రాదు, పెట్టె గట్టిగా పట్టుకుని కూర్చుంది. రిక్షాలో దారంతా అక్క చెల్లెలికి మలయాళంలో ఏదో చెబుతూనే ఉంది. మధ్యమధ్యలో ఇద్దరూ నా వైపు చూస్తున్నారు.

“ఏం చెబుతున్నవు?” అని అడిగాను.

“మీ గురించే మేడమ్. చాలా మాట్లాడతారు, భయపడవద్దు, చివరికి మనం చెప్పేది కూడా వింటారు అని చెబుతున్నాను.”

చెల్లెలు నాకు నమస్కారం పెట్టింది. నేను దారి పొడుగునా ఇంకో మాట మాట్లాడలేదు.